గంట మ్రోగిన పిమ్మట

ఒకరినొకరు పిడికిళ్లతో గ్రుద్దుకొను విద్య మనుష్యుని మంచివానిగా చేయగలదా? దారి తప్పుచున్న బాలునికి అట్టి విద్యయే ఒక గమ్యమును చూపినచో, పెద్దలు దానికి సమ్మతింపవచ్చునా? ఈ ప్రశ్న మేము గ్రంథములలో వెదకి తెచ్చినది కాదు. రెండేండ్ల క్రిందట అదియే మా ఇంటి గడప త్రొక్కి వచ్చినది. నాడు మేము తొందరపడి ఒక సమాధానము చెప్పితిమి. అది సరియైనది కాదని నేడు తోచుచున్నది. పూర్తిగా తప్పనియు చెప్పజాలము. ఆ సందిగ్ధమునే పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మాది కోలారు జిల్లా శ్రీనివాసపురము తాలూకాలోని రాయల్పాడు. మదనపల్లెకు పోవు మార్గమున, ఆంధ్రదేశపు సరిహద్దునకు చేరువగా నున్న ఊరు. మామిడి, టమాటా, పట్టు, పాడి మా ప్రాంతపు జీవనాధారములు. ఇంట తెలుగు, బడిలో కన్నడము మాకు తరతరములుగా అలవాటు. మా తమ్ముని కుమారుడు పదేండ్ల క్రిందట భార్యాబిడ్డలతో బెంగుళూరు చేరెను. అతని కొడుకు అప్పటికి ఆరేండ్లవాడు. నేడు వానికి పదునారేండ్లు.

నగరమున వాని బాల్యము సుఖముగా సాగలేదు. తలిదండ్రు లిరువురును పగలంతయు పనులలో నుందురు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఆంగ్లము. మూడింటను తడబడి వాడు ఏ గుంపునకును చెందనివా డయ్యెను. తొమ్మిదవ తరగతిలో లెక్కలు తప్పెను. బడికని బయలుదేరి బస్సుస్టాండులలో ప్రొద్దు పుచ్చుట మొదలయ్యెను. ఒకనాడు తన మాటతీరును వెక్కిరించిన సహపాఠిని కొట్టగా, ఆ పిల్లవాని పన్ను విరిగెను. తండ్రి తలవంచుకొని బడిలో క్షమాపణ చెప్పుకొనెను. ఆ సమయముననే పొరుగువా డొకడు వానిని ఒక రేకుల షెడ్డునకు తీసికొనిపోయెను. అక్కడ ఒక మాజీ సైనికుడు తెల్లవారుజామున ఐదు గంటలకు పిల్లలకు ముష్టియుద్ధము, అనగా నేడందరు బాక్సింగ్ అనెడి క్రీడ, నేర్పుచుండెను.

మా తమ్ముని కొడుకు మాకు ఫోను చేసి, “పెదనాన్నా, వీణ్ణి ఆడికి పంపేదా, వద్దా?” అని అడిగెను. “కొట్టినందుకే ఇంత గోల అయింది. కొట్టేది నేర్పించేదానికి దుడ్లు కూడా కట్టాలనా?” అని మేము బదులు చెప్పితిమి. వాడు మరేమియు అనలేదు. కాని కొడుకును పంపెను. ఈ విషయము మాకు మూడు నెలల తరువాత తెలిసెను.

మాకు కోపము వచ్చెను. మా అభ్యంతరములు మూడు. మొదటిది, అది హింస. రెండవది, అది శరీరమునకు, ముఖ్యముగా తలకు, హాని. మూడవది, అది కూడుపెట్టు విద్య కాదు. వీనిని ఒక్కొక్కటిగా విచారించి చూతము.

హింసను గూర్చి మొదట చెప్పవలెను. మన పురాణేతిహాసములకు ముష్టియుద్ధము క్రొత్త కాదు. వాలిసుగ్రీవులు పిడికిళ్లతో పోరాడిరి. నర్తనశాలలో భీముడు కీచకుని, మథురలో బలరాముడు ముష్టికుని కూల్చిరి. ముష్టికుని పేరే ఆ విద్యను తెలుపుచున్నది. అయితే ఆ పోరాటములన్నియు ఒకని ప్రాణముతోనే ముగిసినవి. వానికి మరియొక ముగింపు లేదు. నేటి క్రీడకు మూలమైన నియమములు 1867లో ఇంగ్లండున వెలువడినవి. క్వీన్స్‌బరీ ప్రభువు పేరిట ప్రసిద్ధములైనను, వానిని కూర్చినవాడు జాన్ గ్రాహం చేంబర్స్ అనునాతడు. మెత్తని చేతితొడుగులు, మూడు నిమిషముల రౌండ్లు, నడుమ ఒక నిమిషము విశ్రాంతి, పడినవానికి లేచుటకు పది సెకనుల గడువు, అన్నియు ఆ నియమములలోనివే. పడినవానిని కొట్టరాదు. గంట మ్రోగినంతనే చేయి దింపవలెను. యుద్ధమునకును క్రీడకును గల భేదమంతయు ఆ గంటలోనే యున్నదని మాకు తోచుచున్నది. కోపమునకు హద్దు గీచి, “ఇంతవరకే” అని చెప్పునది గంట. మా మనుమడు బడిలో సహపాఠిని కొట్టినపు డక్కడ గంట లేదు.

ఇట్టిదే ఒక కథ లోకమునకు తెలిసినది. 1954లో అమెరికాలోని లూయివిల్ నగరమున పండ్రెండేండ్ల నల్లజాతి బాలుని సైకిలు దొంగల పాలయ్యెను. దొంగ దొరికినచో తన్నెదనని వాడు ఏడ్చుచు కేకలు వేసెను. జో మార్టిన్ అను పోలీసువాడు ఆ మాట విని, ముందు పోరాడుట నేర్చుకొమ్మని హితవు చెప్పి, తాను నడపు వ్యాయామశాలలో చేర్చుకొనెను. ఆ బాలుడే 1960లో రోము ఒలింపిక్సులో స్వర్ణపతకము గెలిచి, తరువాత మహమ్మదాలీయై ప్రపంచప్రసిద్ధు డయ్యెను. సైకిలు మరల దొరకలేదు. దొంగను తన్నుటయు జరుగలేదు. ఆ కోపము మాత్రము వేరొక రూపము దాల్చెను. 1967లో వియత్నాం యుద్ధమునకై సైన్యమున చేరుటకు ఆయన నిరాకరించెను. అందువలన బిరుదు పోయెను. మూడేండ్లకు పైగా బరిలో దిగు అవకాశమే లేకపోయెను. పిడికిలియే వృత్తిగా గలవాడు చంపుటకు ఒల్లకపోవుట ఆలోచింపదగిన విషయము.

మన తెలుగునాటనే ఇంతకు దగ్గరి ఉదాహరణము కలదు. నిజామాబాదులో ఒక మధ్యతరగతి ముస్లిము కుటుంబమున నలుగురాడపిల్లలలో మూడవది నిఖత్ జరీన్. మొదట పరుగుపందెములు అభ్యసించిన ఆ బాలిక, ముష్టియుద్ధము నేర్చువారిలో ఆడపిల్ల ఒక్కతెయు లేకపోవుట చూచి, కారణమేమని తండ్రి నడిగెను. క్రీడాభిమాని యగు ఆ తండ్రి ఆమెను శంసాముద్దీన్ అను శిక్షకుని యొద్ద చేర్చెను. మొదటి దినములలో కమిలిన ముఖముతో ఇల్లు చేరిన కూతుని చూచి, ఇక నిన్నెవరు పెండ్లాడుదురని తల్లి కన్నీరు పెట్టుకొన్నదని నిఖత్ పత్రికలవారితో చెప్పియున్నది. ఆ తల్లి కన్నీటిని తేలికగా తీసిపారవేయరాదు. మా ఇంటను అదే భయము వేరొక రూపమున ఉండెను. నిఖత్ 2011లో బాలికల ప్రపంచ విజేత యయ్యెను. 2017లో భుజమునకు గాయమై సుమారు ఏడాది ఆటకు దూరమయ్యెను. 2019లో మేరీ కోమ్‌తో పోటీకి అవకాశ మిమ్మని బహిరంగముగా కోరి, పోటీపడి, ఓడెను. 2022లో ఇస్తాంబులులోను, 2023లో క్రొత్తఢిల్లీలోను ప్రపంచ విజేత యయ్యెను. 2024లో పారిస్ ఒలింపిక్సున పతకము లేకయే తిరిగివచ్చెను.

ఈ వరుసలో విజయములకన్న నడుమనున్న ఖాళీలే మమ్ము ఎక్కువగా ఆకర్షించినవి. 2011కును 2022కును నడుమ పదకొండేండ్లు. అందులో ఒక ఏడాది చేయి ఎత్తుటయే కష్టము. పతకమే గమ్యమైనచో అట్టి ఏడాదిలో మనుష్యుడు నిలువజాలడు. ప్రతిదినము తెల్లవారుజామున లేచి చేయవలసిన పని యొకటి యుండుటయే అప్పుడు నిలబెట్టునది. గమ్యమనగా చేరవలసిన చోటని మనము తలచుచుందుము. బహుశః అది రేపు మరల చేయవలసిన పని.

రెండవ అభ్యంతరమునకు మాయొద్ద సమాధానము లేదు. తలకు పదేపదే దెబ్బలు తగిలిన మల్లులకు మాట తడబడుటయు, అడుగు తూలుటయు 1928లోనే మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు వివరించెను. 1982లో కొరియా దేశపు యువకుడు కిమ్ డుక్ కూ పదునాలుగవ రౌండులో పడిపోయి, కొలది దినములకు మరణించెను. ఆ పిమ్మటనే వృత్తిపోటీలను పదునైదు రౌండ్లనుండి పండ్రెండునకు తగ్గించిరి. మహమ్మదాలీకి 1984లో పార్కిన్సన్ వ్యాధి నిర్ధారణ యయ్యెను. దెబ్బలే దానికి కారణమా యని వైద్యులు వాదించుకొనిరి. కాని ఆ వణకు చేతులను లోకమంతయు చూచెను. పిల్లల పోటీలు మూడు రౌండ్లే. తలకు రక్షణ కవచమును కలదు. ఇది అపాయమును తగ్గించునే కాని తొలగింపదు. మంచి ఫలితము వచ్చినదని చెప్పి ఈ మాటను దాచుట అధర్మము. ఈ విద్యకు సమ్మతించు పెద్దలు ఈ భారమును ఎరిగి మోయవలెను.

ఇక మూడవది, కూడు. మేము గుమాస్తాగా జీవితమంతయు పద్దులు వ్రాసినవారము. జీతము వచ్చినది, పిల్లలు పెరిగిరి. అంతమాత్రమున గమ్యము దొరికినదని చెప్పగలమా? మా జిల్లాలోనే దీనికి పెద్ద పాఠము కలదు. కోలారు బంగారు గనులలో 1880 నుండి నూట ఇరువది ఏండ్లు పని సాగెను. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు మనుష్యులు దిగిరి. తాత దిగిన గనిలోనికే తండ్రియు, కొడుకును దిగిరి. నీవేమి కావలెనని అక్కడ ఏ బాలునిని ఎవరును అడుగ నక్కర లేకపోయెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నాటినుండి చీకటితోనే రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, రాత్రికి తిరిగివచ్చు కుటుంబము లెన్నియో. కూడు ఏదో విధముగా దొరకుచునే యున్నది. కాని తండ్రి చేయు పని కొడుకు కంటబడదు. కొడుకు పడు బాధ తండ్రి కంటబడదు. మా తమ్ముని కొడుకు ఇంటను జరిగినది ఇదియే. ఆ ఇంట వానికి అన్నము కరవు కాలేదు. వానికొరకు వేచియుండువారే కరవైరి.

బలమును పెంచువాడు బుద్ధిని వదలుకొనునని కొందరి భయము. కోలారు పేరునే తన పేరిట ధరించిన కె. వి. అయ్యర్ గారిని వారు తలచుకొనవలెను. బెంగుళూరున వ్యాయామశాల నెలకొల్పి, వ్యాయామగురువుగా ప్రసిద్ధికెక్కిన ఆయనయే ‘శాంతల’ వంటి కన్నడ నవలను వ్రాసెను. కండయు కలమును ఒకే చేతిలో ఇముడగలవు.

పోయిన సంక్రాంతికి మనుమడు రాయల్పాడు వచ్చెను. ఎడమకన్ను క్రింద కమిలిన మచ్చ. మొదటి పోటీలో ఓడితినని తానే చెప్పెను. ఎట్లు ఓడితివని అడుగగా, “వాడు బాగా ఆడినాడు తాతా” అనెను. ఎదుటివానిని గూర్చి మంచిమాట వాని నోట మేము వినుట అదే ప్రథమము. అయినను మేము విడువక, “కొట్టేది నేర్చినావు. ఇంక బయట ఎవురైనా ఒక మాటంటే ఊరకుంటావా?” అని అడిగితిమి. వాడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, “ఆడ గంట కొడితే చెయ్యి దించాల తాతా. బయట గంట కొట్టేవాళ్ళు ఎవురూ ఉండరు. మనమే కొట్టుకోవాల” అనెను.

మేము వానికి ఎన్ని హితవులు చెప్పియుంటిమో లెక్కలేదు. చదువుకొమ్మంటిమి, బుద్ధిగా నుండుమంటిమి, తండ్రి పరువు నిలుపుమంటిమి. ఫోనులో చెప్పి, ఫోను పెట్టివేయుచుంటిమి. ఆ షెడ్డులోని మనుష్యుడు ఏమి చేసెనని వానినే అడిగితిమి. ఐదు గంటలకు తాను రానిచో ఏల రాలేదని అడుగునట, అంతే. వాడు మొదట ఆ విద్యకొరకు కాక, ఆ అడుగువానికొరకు పోయెనని మా ఊహ. విద్య తరువాత పట్టుకొనెను.

కావున మా నిర్ణయ మిది. విద్య హింసకు దగ్గరిదైనను, అందు హద్దును గౌరవించు నియమమును, హద్దు దాటినపుడు మందలించు గురువును ఉన్నచో, అది ధర్మమునకు వెలుపలిది కాదు. ఆ రెండును లేనిచో, ఎంత సాధువైన విద్యయు మనుష్యుని చక్కబరుపలేదు. మేము మనుమనికి సమ్మతి నిచ్చితిమి. తలకు దెబ్బ తగిలినచో వైద్యుడు సరేయనువరకు బరిలో దిగరాదని, పదవ తరగతి విడువరాదని రెండు మాటలు తీసికొంటిమి. వాడు విజేత యగునో కాదో తెలియదు. నెలనెలయు కట్టవలసిన రుసుము మాత్రము ఇపుడు మా పింఛనునుండియే పోవుచున్నది.

మన సంఘమువారు ఏటేట పిల్లలకు బహుమతు లిచ్చుచున్నారు. మంచిదే. కాని బహుమతి గెలిచినవానికి చెందును. ఓడి ఇంటికి వచ్చిన పిల్లవానిని ఏమైనదని అడుగుటకు ప్రతి పేటలోను ఒక పెద్ద దిక్కు ఉండవలెను. అందుకు ధనము అక్కరలేదు, గొప్ప చదువును అక్కరలేదు. మా వంటి ఉద్యోగవిరతులకు తెల్లవారుజామున ఎట్లును నిద్ర పట్టదు గదా.