కోపమునకు కావలి

పొలము గట్టున నడచుచుండగా నీ కాలిలో తుమ్మముల్లు దిగినదనుకొనుము. కొన్ని గంటలలో ఆ చోటు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచి సలుపును. ముల్లుతో వచ్చిన క్రిములను చంపుటకు తెల్ల రక్తకణములు అక్కడ కూడుచున్నవి. దేహమంతట తిరుగు ఈ కణములకు ఆ చోటు తెలుపునదేది? తక్కిన చోట్ల వాటిని నిలువనియ్యనిదేది?

రక్తనాళముల లోపలిపొరయే. అది ఒకే వరుస కణములు గల మిక్కిలి పలుచని పొర. ఆరోగ్యముగా నున్నప్పుడు తెల్లకణములను అంటుకొననియ్యక సాగనంపును. గాయమైనచో, ఆ చుట్టుపట్ల మాత్రము, తనలో దాచియుంచిన సెలెక్టిన్ అను పదార్థమును కొన్ని నిమిషములలోనే పైకి తెచ్చును. వడిగా పోవు తెల్లకణములు దానికి తగులుకొని, దొర్లుచు నెమ్మదించును. పిమ్మట వేరు పదార్థములు వాటిని గట్టిగా పట్టుకొనగా, అవి పొరను దాటి గాయమునొద్దకు పోవును. 1867లో జర్మనీ వైద్యుడు యూలియస్ కోన్‌హైమ్, తెల్లకణములు ఇట్లు నాళము దాటుటను కప్ప దేహములో సూక్ష్మదర్శినితో చూచి వివరించెను.

ఎవరేమి చేసినను ఊరకుండుటయే శాంతమని కొందరందురు. అది నిజమేనా? కొందరు శిశువులు పుట్టుకతోనే ఒక అరుదైన లోపము గలవారు. వారి నెత్తురులో తెల్లకణములకు కొదువ లేదు; మామూలుకంటె ఎక్కువే. గాని అవి నాళపు గోడను గట్టిగా అంటుకొనలేవు. పుండు చీము పట్టదు, మానదు. క్రిములు పెరిగి ప్రాణము మీదికి తెచ్చును. విధవరాలి గట్టును ఒకడు దున్నుకొనుచుండగా చూచి మౌనముగా నుండు పెద్దల శాంతము ఇట్టిదే. ఊరిలో మంచివారు అనేకులు. గాయమునొద్ద ఒక్కడును లేడు.

మరి తలుపు మూయనేరని పొర సంగతి యేమి? కీళ్లవాతములో వాపు చల్లారదు. పొర తెల్లకణములను పిలుచుచునే యుండును. అవి క్రిములు లేని చోట మన కీళ్లనే చెరుపును. గట్టు తగవు తీరి, రాయి పాతిన పిమ్మటను, అన్నదమ్ములు పెండ్లికి పిలుచుకొనక పగను పిల్లలకు అప్పగించుట చూడలేదా?

కాబట్టి కోపము పుట్టినప్పుడు నిన్ను నీవు అడుగుము: ఇక్కడ నిజముగా గాయపడినవారెవరు? నా కోపము వారి గాయమును మాన్పుచున్నదా? గాయము మానినయెడల, తలుపు ఇంకను ఎందుకు తెరచియున్నది?