ఎవరి అడుగుతో నడవాలి?



పిల్లలకు సెలవులిచ్చారంటే ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా పోయి రావాలన్న మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. చూడదగిన పాత చోట్లకు మన ప్రాంతంలో కొదవ లేదు. సూర్యాపేట వారికి పక్కనే పిల్లలమర్రి గుడులున్నాయి. సుమారు 40 కిలోమీటర్లు పోతే ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉంది. కోదాడ వారు సరిహద్దు దాటితే చాలు, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట స్తూపం కనిపిస్తుంది. మిర్యాలగూడ వారికి నాగార్జునసాగర్ ఉండనే ఉంది. బండి మాట్లాడుకుంటారు, పులిహోర కలుపుకుంటారు. సరిగ్గా అప్పుడే, ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి ఇంట్లో తిరుగుతుంది. నాయనమ్మ సంగతేమిటి? ఇంకా నడక సరిగా రాని చంటిదాని సంగతేమిటి?

చాలాసార్లు జవాబు నాయనమ్మే చెప్పేస్తుంది. "నాకు చేతగాదు బిడ్డా, మీరు పోయి రండి." ఆ మాటతో అందరి గుండెల మీది బరువు దిగుతుంది. ఆమె మంచం పక్కన మంచినీళ్ళు పెట్టి, పక్కింటివారికి ఒక మాట చెప్పి బయలుదేరతాం. అయితే ఆమె చెప్పింది నిజమేనా? నిజంగానే మోకాళ్ళు సహకరించక అలా అని ఉండవచ్చు. మనం వినాలనుకున్న మాట మన ముఖాల్లో చదివి, అదే పలికి ఉండవచ్చు కూడా. పెద్దవారు ఇతరులకు భారం కాకూడదని ఎంత జాగ్రత్త పడతారో మనందరికీ తెలుసు. కనుక ఒక్కసారి అడిగి ఊరుకోవడం అడిగినట్టు కాదు. "నువ్వు రాకపోతే మేమూ పోము" అని బెదిరించడమూ అడిగినట్టు కాదు. "ఎంతవరకు నడవగలవు? ఎక్కడ కూర్చుంటావు? ఏ వేళకు పోదాం?" అని అడిగితే అది అడిగినట్టు.

ఇందులో రెండు పక్కలా తప్పుదారులున్నాయి. మొదటిది వదిలేసి పోవడం. రెండోది లాక్కుని పోవడం. మొదటిదాన్ని అందరూ తప్పంటారు. రెండోదాన్ని ప్రేమ అని పొరబడతాం. ఎనభై ఏళ్ళ తండ్రిని ఇద్దరు కొడుకులు చెరో రెక్క పట్టుకుని మిట్టమధ్యాహ్నం కొండ ఎక్కిస్తారు. పైన ఫోటో తీసుకుంటారు. నలుగురూ మెచ్చుకుంటారు. ఆ తండ్రి మాత్రం ఎక్కుతున్నంతసేపూ తన ఆయాసాన్నే చూశాడు, స్తూపాన్ని చూడలేదు. అలాంటప్పుడు ఆ ప్రయాణం ఎవరికోసం జరిగినట్టు? పెద్దవారిని గౌరవించడమంటే శిఖరానికి చేర్చడం కాదు. మెక్సికో దేశంలో మాయా జాతివారు కట్టిన చిచెన్ ఇట్జా పిరమిడును ఇప్పుడు ఎవరినీ ఎక్కనివ్వరు. పడుచువారైనా పండుముసలివారైనా కింద నిలబడి తలెత్తి చూడవలసిందే. అయినా లోకం నలుమూలల నుంచీ జనం వస్తూనే ఉన్నారు. పైకి ఎక్కకపోతే చూడనట్టే అన్నది మనం పెట్టుకున్న నియమమే.

ఫణిగిరి సంగతి కొంచెం చెప్పుకుందాం. పాము పడగలాంటి కొండ గనుక ఆ పేరు వచ్చింది. నిజాం కాలంలో, 1940ల తొలినాళ్ళలో, ఈ క్షేత్రం వెలుగులోకి వచ్చింది. 2001 నుంచి జరిగిన తవ్వకాలలో మహాస్తూపం, చైత్యాలు, భిక్షువులు నివసించిన విహారాలు బయటపడ్డాయి. బుద్ధుని జీవిత ఘట్టాలు చెక్కిన తోరణ శిల్పాలు కూడా దొరికాయి. ఆ తోరణ శిల్పం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు కూడా వెళ్ళింది.

ఎవరి కథ ఆ రాళ్ళమీద చెక్కారో ఆ సిద్ధార్థుని గురించి ఒక సంగతి అందరూ వినే ఉంటారు. కొడుకు కంట ముసలితనం, రోగం, చావు పడకూడదని తండ్రి కట్టుదిట్టం చేశాడట. ఒకనాడు రథం మీద పోతూ, కర్ర ఊతతో నడుస్తున్న ఒక వృద్ధుణ్ణి చూసి రాజకుమారుడు నివ్వెరపోయాడట. మన ఇళ్ళలో రాజులు లేరు, రథాలు లేవు. ఏర్పాటు మాత్రం కొంచెం అలాంటిదే. పిల్లవాడు నాయనమ్మను వెనక గదిలోనే చూస్తాడు. సంతోషమంతా ఆమె లేని చోట్ల జరుగుతుంది. ముసలితనమంటే మందుల సీసాలు, దగ్గు, మంచం అని నేర్చుకుంటాడు. రేపు మనం ముసలివాళ్ళమైనప్పుడు ఆ పాఠమే మనకు అప్పజెప్తాడు. అప్పుడు వాడిని తప్పుపట్టి లాభం లేదు.

పెద్దవారిని వెంట తీసుకుపోవడం కేవలం వారికి చేసే ఉపకారం అనుకోవడం కూడా సరి కాదు. 2024లో ఫణిగిరి తవ్వకాలలో ఒక మట్టికుండ దొరికింది. దానినిండా సీసపు నాణేలు, లెక్కిస్తే 3,730. ఎవరో దాచుకున్నారు, మళ్ళీ తీసుకోలేదు. ఎందుకు దాచారు అని పిల్లలు తప్పక అడుగుతారు. జీవితమంతా పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచి ఇల్లు నడిపిన నాయనమ్మకంటే ఆ ప్రశ్నకు బాగా జవాబు చెప్పగలవారెవరు?

నాగార్జునసాగర్ దగ్గర ఈ మాట ఇంకా నిజం. నాగార్జునకొండ లోయ నీట మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు పెద్దయెత్తున తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాలలో కొన్నింటిని రాయి రాయిగా విప్పి, కొండ మీదా, ఒడ్డున అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. మన మిర్యాలగూడ పొలాలకు ఎడమ కాలువ నీళ్ళు రాకముందు ఏం పండేదో, నీళ్ళొచ్చిన ఏడు ఊరు ఎలా ఉండేదో ఎరిగిన తాతలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఆ రోజుల్లో రాళ్ళు మోసినవారూ ఉంటారు. అలాంటి తాతను ఇంట్లో ఉంచి, ఆనకట్ట దగ్గర బోర్డు మీద రాసింది చదివి పిల్లలకు వినిపిస్తే ఎంత వింత! మన వెంట రాగల సాక్షిని వదిలి రాతను నమ్ముకున్నాం.

ఇక చిన్నపిల్లలు. వాళ్ళకు రెండువేల ఏళ్ళు అంటే ఏమీ తెలియదు. స్తూపం పక్కన చీమలబారు చూస్తూ అరగంట కూర్చుంటారు. అక్కడే మనకు విసుగొస్తుంది. ఇంత దూరం తెచ్చింది దీనికా అంటాం. కానీ వాళ్ళు కూడా చూడటానికే వచ్చారు, వాళ్ళ కంటికి అందింది చూస్తున్నారు. పాత రాళ్ళ మీదికి ఎక్కకూడదని, శిల్పాలను గీకకూడదని, పిల్లలమర్రి లాంటి పూజలు జరిగే గుడిలో వారి మర్యాద పాటించాలని నేర్పడం మన పని. అంతకుమించి చరిత్ర పాఠం అప్పజెప్పించనక్కర్లేదు.

ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు తన అన్న ఏసావును కలుసుకుంటాడు. కలిసి పోదాం రమ్మంటాడు ఏసావు. అతని వెంట నాలుగు వందలమంది మనుషులున్నారు. యాకోబు వెంట పసిపిల్లలు, పాలిచ్చే పశువులు ఉన్నాయి. ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద చస్తుందని, నువ్వు ముందు నడువు, నేను ఈ పిల్లల అడుగుతో మెల్లగా వస్తానని యాకోబు బదులిస్తాడు. అన్న అంటే లోపల భయం ఉండి కూడా అలా అన్నాడేమో. అయినా ఆ మాటలో ఇంటిపెద్దకు కావలసిన తెలివి ఉంది. గుంపులో బలవంతుడి వేగాన్ని బట్టి కాక బలహీనుడి వేగాన్ని బట్టి ప్రయాణం సాగాలి.

మెల్లగా నడవడానికి ఒక ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? కొండ కింద చెట్టునీడలో నాయనమ్మ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. చంటిదానికి పాలు పట్టాలి, సంచులు కాయాలి. దాదాపు ప్రతి ఇంట్లో ఆ ఒకరు కోడలే. మగవారు, పెద్ద పిల్లలు పైకి పోయి చూసి వస్తారు. ఆమె మూడుసార్లు ఫణిగిరి వెళ్ళినా కొండ కిందనే చూసి ఉంటుంది. పెద్దలపట్ల మన ప్రేమను ఒక్క మనిషి ఓపిక మీద నడిపిస్తే అది న్యాయం కాదు. కింద కూర్చునే వంతు అందరికీ రావాలి. కొడుకు గంటసేపు తల్లి దగ్గర కూర్చుని భార్యను పైకి పంపిస్తే, ఆ గంట తల్లికీ సంతోషమే. ఇంట్లో పని తొందరలో వినని ఎన్ని మాటలు ఆ చెట్టుకింద వినవచ్చు!

కనుక ఈసారి బయలుదేరే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. చలికాలంలో, పొద్దున్నే పోండి. కొండల మీద నీడ తక్కువ, వానల్లో మెట్లు జారతాయి. గొడుగు, నీళ్ళు, వేళకు వేసుకునే మందులు ముందే సర్దండి. మెట్లెక్కలేని వారుంటే ఫణిగిరికి బదులు 1208లో ఎరకసాని కట్టించిన పిల్లలమర్రి ఎరకేశ్వరాలయానికి పోండి. అక్కడ కొండ ఎక్కే పని లేదు. ఒక్కరోజులో మూడు చోట్లు చూడాలనుకోకండి, ఒక్కటి చాలు. నిజంగా రాలేనివారు ఉంటే, తిరిగి వచ్చిన సాయంత్రం వారి మంచం పక్కన అందరూ కూర్చుని చూసినదంతా చెప్పండి. పిల్లల చేత చెప్పించండి.

ఎవరిని తీసుకుపోవాలి, ఎవరిని ఇంట్లో ఉంచాలి అన్నదానికి అన్ని ఇళ్ళకూ ఒకే జవాబు లేదు. ఒక ఏడాది సరైన జవాబు మరుసటి ఏడాది సరికాకపోవచ్చు. అందుకే ప్రతిసారీ మళ్ళీ అడగాలి. వారి జవాబు విన్నాక మన ప్రయాణంలో ఏదైనా మారిందా అని చూసుకోవాలి. వేళ గాని, దూరం గాని, చోటు గాని ఏదీ మారకపోతే మనం వారిని అడగలేదు, మన నిర్ణయం తెలియజేశాం, అంతే.