కుండ ఎవరి మాట వినాలి?

మా తండాల పేరు పేపర్లో పడిందంటే చాలాసార్లు అది నాటుసారా వార్తే. బెల్లపు ఊట ధ్వంసం, పక్కన పగిలిన కుండల ఫొటో.

స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఐలా అనే దీవి ఉంది. అక్కడ 2005లో ఒక పొలంలో కిల్‌హోమన్ అనే చిన్న విస్కీ బట్టీ పెట్టారు. సొంత చేలో పండిన బార్లీని మొలకెత్తించి, పొగబెట్టి, పులియబెట్టి, రాగి పాత్రల్లో రెండుసార్లు కాస్తారు. జనం సముద్రం దాటి వచ్చి, డబ్బు కట్టి మరీ చూసిపోతారు.

మన దగ్గర నల్లబెల్లం, తుమ్మచెక్క. నల్లమల అంచున ఇప్పపూలు. కింద మంట, పైన చన్నీళ్లు, మధ్యలో ఆవిరి చుక్కలై దిగుతుంది. పని ఒకటే. అక్కడ అది వారసత్వం, ఇక్కడ నేరం.

స్కాట్లాండ్ కొండల్లోనూ ఒకప్పుడు దొంగచాటు బట్టీలే ఉండేవి. 1823 చట్టం లైసెన్సును అందుబాటులోకి తెచ్చాక అవి బయటికొచ్చాయి. ఇక్కడ 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెట్టింది. కాబట్టి నేరం కుండలో పుట్టలేదు, చట్టంలో పుట్టింది.

ఇక్కడితో ఆపితే మేం సగం నిజమే చెప్పినట్టు. మిరప కోతకు పోయిన మా ఆడవాళ్ల చేతులు రాత్రంతా మండుతాయి. ఆ చేతులు తెచ్చిన కూలి తెల్లారేసరికి సారా కింద పోతే, అది ఎవరి వారసత్వం? నవసారం కలిపి అమ్మే సారా, పండగనాడు పెద్దలకు ధారపోసే సారా ఒకటేనా? సంస్కృతి పేరుతో ఆకలిని కప్పిపెట్టలేం.

ప్రకాశానికి పొరుగున, నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారాను ఎదిరించారు. ఆ ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఖజానా లెక్క చూసుకొని సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. నాటుసారా నేరంగానే మిగిలింది, సీసా మద్యానికి దుకాణం తెరిచారు.

1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపానీయాలను ఆపాలా, అదుపులో ఉంచాలా అన్న అధికారం పంచాయతీలకు, గ్రామసభలకు ఉండాలి. గుంటూరు, ప్రకాశం మైదానాల తండాలు ఆ పరిధిలో లేవు. కుండ పగలగొట్టేది ఒకరు, దుకాణం తెరిచేది ఇంకొకరు. మధ్యలో మమ్మల్ని అడిగేవాళ్లు లేరు.

మరి మేమైనా అడుగుతున్నామా? తండాలో పంచాయతీ పెడితే నాయక్, మగ పెద్దలు చెట్టు కింద కూర్చుంటారు. ఆడవాళ్లు గడపల దగ్గరే నిలబడతారు. సర్కారు మమ్మల్ని అడగలేదని కోపగించే మేం, మా ఇంట్లో అదే తప్పు చేస్తున్నాం.

కుండ ఉండాలా, పోవాలా అన్నది దానివల్ల నష్టపోయేవాళ్లు చెప్పాలి. పండగకు ఉంచుదామంటే ఉంచుదాం, వద్దంటే మానేద్దాం. యువకులారా, పంతుళ్లారా, ఈసారి తండాలో ఈ మాట వచ్చినప్పుడు ముందు మన అమ్మలను కూర్చోబెట్టండి. మొదటి మాట వాళ్లదే కానివ్వండి.