కవలలకు జంట పేర్లు పెట్టవలెనా?

బిడ్డ పుట్టిన 11వ దినముననో, 21వ దినముననో తెలుగువారి యింట బాలసారె జరుగును. పళ్లెములో బియ్యము పరచి, తండ్రి బంగారు ఉంగరముతో అందులో పేరు వ్రాయును. పిమ్మట తల్లి ఒడిలోని శిశువు చెవిలో ఆ పేరును మూడు మారులు మెల్లగా పలుకును. అంతవరకు "బిడ్డ" అని మాత్రమే పిలువబడిన ప్రాణి అప్పటి నుండి లోకమున ఒక వ్యక్తి యగును. సముద్రము దాటి మారిషస్ ద్వీపమునకు చేరిన తెలుగు కుటుంబములలో భాష కొంత సన్నగిల్లినను, ఆచారములు కొన్ని రూపు మారినను, బిడ్డకు పేరు పెట్టుటయందలి శ్రద్ధ మాత్రము తరుగలేదు.

ఒడిలో ఒక్క శిశువున్నప్పుడు ప్రశ్న ఒకటే: ఏ పేరు పెట్టవలెను? ఇరువురున్నప్పుడు మరియొక ప్రశ్న తోడగును. ఆ రెండు పేర్లును ఒకదాని కొకటి జతగా ఉండవలెనా, లేక ఎవరి పేరు వారిదిగా ఉండవలెనా?

ఒక కుటుంబమును ఊహించి చూడవచ్చును. చెరకు తోటల నడుమ నున్న గ్రామము. ఆ యింట కవల ఆడపిల్లలు జన్మించిరి. నాయనమ్మ కోరిక శ్రీలక్ష్మి, శ్రీలత యను పేర్లు. "పిలవగానే ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లని తెలియవద్దూ?" అని ఆమె మాట. కోడలి ఆలోచన వేరు. "పాలు పంచుకుంటున్నారు, పడక పంచుకుంటున్నారు, పుట్టినరోజు, ముఖం కూడా పంచుకున్నారు. పేరైనా ఎవరిది వాళ్లకు ఉండనివ్వండి, అత్తయ్యా" అని ఆమె మనవి. ఇరువురును పిల్లల మేలునే కోరుచున్నారు. అందుచేతనే ఈ వివాదము తేలికగా తీరునది కాదు.

ఇది వేడుకకు సంబంధించిన చిన్న విషయమని కొందరు తలంచుదురు. కాని పేరునకు ఒక విచిత్ర లక్షణము కలదు. దానిని ఇచ్చువా డొకడు, వాడువారు పలువురు, మోయువాడు వేరొకడు. మోయువానిని అడిగి ఇచ్చుటకు వీలులేని దానము అది. అడుగకుండ ఇచ్చు దానమున ఇచ్చువాని ముచ్చట కంటె పుచ్చుకొనువాని హితమే ముందుగా చూడవలెను. జంట పేర్ల ప్రశ్నలోని ధర్మసూక్ష్మ మిదియే: ఆ ప్రాసము ఎవరి చెవులకు ఇంపు? పిల్లలకా, పెద్దలకా?

మొదట పంచాంగము ఏమి చెప్పునో చూడవలెను. నక్షత్రములు 27. ఒక్కొక్క దానికి నాలుగేసి పాదములు, మొత్తము 108. ఒక్కొక్క పాదమునకు ఒక్కొక్క అక్షరము నిర్ణయింపబడినది. చంద్రుడు ఒక నక్షత్రమున సుమారు ఒక దినము నిలుచును గనుక ఒక పాదము దాదాపు 6 గంటల కాలము. కవలలు సామాన్యముగా నిమిషముల తేడాతో పుట్టుదురు. కావున ఇరువురకును ఒకే పాదము, ఒకే అక్షరము వచ్చుట సహజము. రోహిణి రెండవ పాదమైనచో ఇద్దరి పేర్లును "వా" అను అక్షరముతో ఆరంభము కావలసియుండును. తొలి అక్షరము కలియుట పెద్దల వేడుక వలననే కలిగినది కాదనియు, దానికి ఒక లెక్క యున్నదనియు దీనివలన తెలియుచున్నది. కాని పంచాంగము తొలి అక్షరముతో ఆగిపోవును. తక్కిన పేరంతయు తల్లిదండ్రుల వివేకమునకే విడిచినది. ఒక్కొక్కప్పుడు మొదటి బిడ్డకును రెండవ బిడ్డకును నడుమ పాదమే మారును. అప్పుడు పంచాంగమే ఇరువురను వేరుచేయును. పైగా జన్మనామ మొకటి, వ్యవహారనామ మొకటి ఉంచుట చాల కుటుంబములలో వాడుక. కావున నక్షత్రము ఈ తగవును తీర్చజాలదు.

పురాణేతిహాసములలో కవలలకు కొదవలేదు. తెలుగువారికి మొదట తలపునకు వచ్చువారు లవకుశులు. వాల్మీకి మహర్షి రక్షాకరణము చేయునప్పుడు దర్భల పై భాగముతో తుడువబడిన పెద్దవాడు కుశుడనియు, క్రింది భాగముతో తుడువబడిన చిన్నవాడు లవుడనియు రామాయణము చెప్పుచున్నది. గడ్డి ఒక్కటే, పేర్లు రెండు. శబ్దములో పోలిక లేదు, పుట్టుకలో బంధమున్నది. ఇందు గమనింపదగినది మరియొకటి కలదు. పెద్దవాడు కుశుడైనను జనులు "కుశలవులు" అనుట అరుదు. "లవకుశులు" అనుటయే అలవాటు. 1963లో విడుదలైన తెలుగు చిత్రమునకును "లవకుశ" యనియే పేరు. రెండు పేర్లను కలిపి పలుకునప్పుడు లోకము నాలుక సౌకర్యమును చూచునే గాని, ఎవరు ముందో ఎవరు వెనుకో విచారింపదు.

లక్ష్మణ శత్రుఘ్నుల కథ ఇంకను స్పష్టము. ఇరువురును సుమిత్ర గర్భమున ఆశ్లేషా నక్షత్రమున జన్మించినవారు. అయినను వారి పేర్లకు అక్షరములోను పోలిక లేదు, అర్థములోను పోలిక లేదు. బ్రతుకులును అట్లే నడచినవి. ఒకడు రాముని వెంట అడవికి పోయెను; ఒకడు భరతుని నీడగా నిలిచెను. ఒక్క కడుపున పుట్టినవారు వేర్వేరు అన్నలను కొలిచి, వేర్వేరు ధర్మములను నెరవేర్చిరి. ఇరువురను కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు "సౌమిత్రులు" అందురు. నకుల సహదేవులును అట్లే, పేర్లు వేరు, కలిపి చెప్పునప్పుడు "మాద్రేయులు." అనగా ఎవరి పేరు వారికి సొంతము, ఇద్దరికిని చెందిన పేరు తల్లి వలన వచ్చినది.

దీనికి ఎదురు నిదర్శనము లేకపోలేదు. రెల్లు గడ్డిలో దొరికిన కవల శిశువులను శంతను మహారాజు కృపతో పెంచెను గనుక వారికి కృపుడు, కృపి అని పేర్లు కలిగెనని భారతము చెప్పును. అచ్చట పేర్లు ఒక్క మూసలోనివే. అయితే ఆ పేర్లు ఎవరి గుణమును తెలుపుచున్నవి? పెంచినవాని దయను తెలుపుచున్నవి. జంట పేర్లు తరచు ఇట్టివే. పేరు మోయువారి కథ కంటె పేరిడినవారి కథను ఎక్కువగా చెప్పును. అది దోషము కాదు. కాని పెద్దలు ఆ సంగతి తెలిసి చేయవలెను.

ఇక ప్రవాసాంధ్రుల చరిత్ర ఈ ప్రశ్నకు ఇచ్చు వెలుగు ప్రత్యేకమైనది. 1834 నుండి 20వ శతాబ్ది తొలి సంవత్సరముల వరకు సుమారు 4,50,000 మంది భారతీయ కూలీలు మారిషస్‌కు వచ్చిరి. అందులో తెలుగువారు ఒక భాగము. గోదావరి సాగరసంగమము చెంతనున్న కోరంగి రేవు నుండి 1843లో "కోరంగి పాకెట్" అను ఓడ తెలుగువారిని ఇచ్చటికి తెచ్చెను. రేవు పేరే జాతి పేరయ్యెను. తెలుగువారిని "కోరంగివారు" అని పిలిచిరి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన ఆప్రవాసీ ఘాట్ మెట్లెక్కిన ప్రతి కూలీకి ఒక సంఖ్య వేసిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, ఓడ అన్నియు చిట్టాలలో ఎక్కెను. గుమాస్తా చెవికి ఎట్లు వినబడినదో అట్లే ఎక్కెను. ఆ చిట్టాలు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి.

ఆ వ్రాతలో తెలుగువారు పోగొట్టుకొన్నది ముఖ్యముగా ఇంటిపేరు. తరువాతి తరమున తండ్రి సొంత పేరే కుటుంబ నామమై నిలిచెను. ఒకనాడు ఒక తల్లి తన కుమారునకు ముద్దుగా పెట్టుకొన్న పేరు నేడు వందలాది వారసుల పత్రములపై చివర నిలిచియున్నది. పేరు ఎంత దూరము ప్రయాణము చేయునో, పెట్టిననాడు ఎవరికిని తెలియదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఈ చరిత్ర నుండి నాయనమ్మయు కోడలును చెరియొక పాఠము నేర్వగలరు. నాయనమ్మ వైపు న్యాయ మిది: ఒక్క ఓడలో వచ్చినవారు వేర్వేరు తోటలకు పంపబడిన జాతికి బంధము తెగునేమో యన్న భయము ఎముకలలో ఉండును. జంట పేర్లు ఆమెకు ప్రాసము కాదు; రెండు ప్రాణములను కట్టి ఉంచు త్రాడు. కోడలి వైపు న్యాయ మిది: మనుష్యులను మూకగా లెక్కపెట్టి, రేవు పేరుతోను సంఖ్యతోను పిలిచిన దుఃఖము ఎరిగిన జాతి, ప్రతి బిడ్డను విడిగా, పేరు పెట్టి గుర్తింపవలదా? రెండును సత్యములే. అయితే త్రాడు అవసరమైనచోట అది ఇదివరకే ఉన్నది. పుట్టుక పత్రమున ఇద్దరి పేర్ల చివరను పూర్వుని పేరే ఉండును. సుమిత్ర పేరు ఆమె కుమారులను కలిపినట్లు, ఆ పూర్వుని పేరు ఈ శిశువులను కలుపుచున్నది. బంధము చెప్పు పని అది చేయుచుండగా, తొలి పేరు వ్యక్తిని చెప్పుటకు స్వేచ్ఛ కలిగియున్నది.

జంట పేర్ల వలన వచ్చు చిక్కులును తలపోయవలెను. పుట్టిన తేదీ ఒకటే, కుటుంబ నామ మొకటే, పేరులో సగ మొకటే యైనచో బడిలోను, వైద్యశాలలోను, కార్యాలయములలోను ఒకరి కాగితము మరియొకరి దగ్గరకు పోవుట సులభము. ఇది చిన్న బాధ. పెద్ద బాధ పోలిక వలన కలుగును. పేర్లే నిత్యము పక్కపక్కన నిలిచినప్పుడు లోకము తూకము వేయకుండ ఉండదు: ఒకతె పరీక్షలో గెలిచినచో రెండవదాని పేరు వెంటనే వినవచ్చును. అన్నిటికంటె కఠినమైనది ఇంకొకటి కలదు. కవలలలో ఒకరు ముందుగా లోకమును విడిచినచో మిగిలినవారి పేరు జీవితాంతము సగము పేరుగా వినబడును. పిలిచిన ప్రతిసారి పిలువని పేరు కూడ పలుకును. బాలసారె నాడు ఈ మాట నోట రాకూడదు. కాని పేరు ఎంచుకొను పెద్దలు మనసులోనైనను తలపవలసిన మాట.

అట్లని పేర్లు బొత్తిగా పొంతన లేకుండుటయే మేలనుట కూడ సరికాదు. ఒక బిడ్డకు కులదైవము పేరు వెదకి వెదకి పెట్టి, రెండవ బిడ్డకు అప్పటికి తోచినదేదో పెట్టినచో, ఎదిగిన పిదప ఆ బిడ్డ "నా పేరుకు అర్థమేమిటి?" అని అడుగును. దానికి జవాబు లేకుండుట అన్యాయము. పిల్లలకు కావలసినది సామ్యము కాదు, సమత. శబ్దము ఒక్కటిగా ఉండనక్కరలేదు. శ్రద్ధ మాత్రము సమానముగా ఉండవలెను. ఒక పేరునకు ఎంత కథ యున్నదో, రెండవ పేరునకును అంత కథ ఉండవలెను.

దీనికి ఇంటి పెద్దలు సులభముగా చేసికొనదగిన పరీక్ష కలదు. మొదట ఒక్కొక్క పేరును ఒంటరిగా పలికి చూడవలెను. రెండవది తోడు లేకున్నను ఆ పేరు నిండుగా నిలుచునా? నిలువనిచో అది పేరు కాదు, పేరులో సగము. తరువాత పెరటి నుండి గట్టిగా పిలిచి చూడవలెను. ఎవరిని పిలిచినదీ పిల్లలకు స్పష్టముగా తెలియునా? కడపట రెండు పేర్లను కలిపి పలుకవలెను. ఒకటి గొప్పదై మరియొకటి చిన్నబోవుచున్నదా? ఈ మూడింట నెగ్గిన పేర్లు జతవైనను మంచివే, కాకున్నను మంచివే.

ఇట్టి పేర్లు తెలుగున కొల్లలు. సింహాద్రి అప్పన్నను కొలుచు కుటుంబమున మగ కవలలు పుట్టినచో ఒకనికి అప్పన్న యనియు, ఒకనికి నరసింహమనియు పేరిడవచ్చును. స్వామి ఒక్కడే, పిలుపు వేరు. ఆడపిల్లలకు గౌతమి, కృష్ణవేణి యనవచ్చును. గౌతమి యనగా గోదావరి. ఒక నది త్ర్యంబకమున, ఒక నది మహాబలేశ్వరమున పుట్టి, వేర్వేరు దారుల పారి, వేర్వేరు ముఖముల సముద్రమును చేరును. ఆ రెంటి నీటను తెలుగు నేల పండుచున్నది. ఒకదాని పేరు చెప్పిన రెండవది గుర్తునకు వచ్చునే గాని, ఒకదానిని రెండవదిగా పొరబడువారు లేరు.

ఊహించిన ఆ యింటికి మరల వచ్చినచో, నాయనమ్మకు ఈ పేర్లు చెప్పినప్పుడు ఆమె కొంతసేపు మాటలాడదు. పిమ్మట "మా తాత ఓడ ఎక్కింది గోదారి మొగలోనే" అని ఒక్క మాట అనును. కోడలికి అంతకంటె అంగీకారము అక్కరలేదు.

ఆ బాలసారె నాడు పళ్లెములు రెండు అమరును. తండ్రి ఒక దానిలో ఒక పేరు, రెండవ దానిలో రెండవ పేరు వ్రాయును. ఒక బిడ్డ చెవిలో మూడు మారులు చెప్పి, ఆగి, రెండవ బిడ్డ చెవి దగ్గరకు వంగును. పూర్వులు ఏర్పరచిన ఆ విధిలోనే జవాబున్నది: పేరు ఒక్కసారికి ఒక్క చెవిలోనే చెప్పదగినది. విన్నవారు ఇరువురును చిరంజీవులై, ఎవరి పేరును వారు నిలుపుకొని, ఒకరి పేరునకు ఒకరు వన్నె తెత్తురుగాక.