మూటలో ఫోటో

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. కొండకు వెళ్లే దారి పొడవునా ఫ్లెక్సీలు లేవాలి గనక, ఆ ముందు వారం డీటీపీ షాపుల వాళ్లకు ఊపిరి సలపదు. అలాంటి ఒక షాపుకి ఉయ్యూరు వైపు నుంచి ఒకాయన తమ ఊరి యాత్రికుల ఫోటో మెయిల్ చేశాడు. వచ్చింది చూస్తే ‘విన్‌మెయిల్ డాట్ డ్యాట్’ అనే ఫైలు.

షాపు కుర్రాడు డ్యాట్ కొట్టేసి జేపెగ్ అని పెట్టాడు. తెరుచుకోలేదు. పీడీఎఫ్ అని పెట్టాడు. ఊహూఁ. “మీ ఫైలు కరప్ట్ అయిందండీ, మళ్లీ పంపండి” అని ఫోన్ చేశాడు. మళ్లీ పంపినా అదే డ్యాట్. “నా దగ్గర శుభ్రంగా కనబడుతోందయ్యా! మీ సిస్టమే పాడై ఉంటుంది” అని ఆయన గొంతు పెంచాడు. కుర్రాడూ తగ్గలేదు.

ఓనరు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చి, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. తెర నిండా పిచ్చి గుర్తులు, ఖాళీ గడులు. కిందికి జరుపుతూ పోతే ఒక్కచోట మాత్రం చదవగలిగే మాట: గ్రూప్‌ఫోటో డాట్ జేపెగ్.

“పేరు మారిస్తే లోపలిది మారుద్దేంట్రా? ఫోటో ఇందులోనే ఉంది. పంపేటప్పుడే మూట కట్టేసింది” అంటూ ఫోన్ అందుకున్నాడు. “ఏవండీ, మెయిల్ ఎందులోంచి పంపారు?”

“ఆఫీసు కంప్యూటర్లో ఔట్‌లుక్ నుంచండీ.”

“ఫార్మాట్ టెక్స్ట్‌లో రిచ్ టెక్స్ట్ అని ఉంటుంది. అది తీసి హెచ్‌టీఎంఎల్ పెట్టి పంపండి.”

ఫోటో వచ్చింది. సాయంత్రానికి ఫ్లెక్సీ ప్రింటు కూడా అయింది.

నీతి: ఆయనా అబద్ధం చెప్పలేదు, కుర్రాడూ చెప్పలేదు. రిచ్ టెక్స్ట్‌లో పంపితే ఔట్‌లుక్ అక్షరాల సోకుల్నీ అటాచ్‌మెంట్లనీ కలిపి కట్టేస్తుంది; దాన్ని విప్పడం రాని మెయిల్ ప్రోగ్రాముకి మిగిలేది డ్యాట్ ఫైలే. కాబట్టి వింత ఫైలు వచ్చినప్పుడు పేర్లతో కుస్తీ మాని, ఎందులోంచి ఎలా పంపారో అవతలి వాళ్లను అడగాలి. ఐఫోన్ల నుంచి వచ్చే హెచ్‌ఈఐసీ ఫోటోలకూ ఇదే మందు: ఇకమీదట తీసేవైనా జేపెగ్‌లో రావాలంటే కెమెరా సెట్టింగుల్లో, ఫార్మాట్స్ కింద ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకోమనాలి. ముక్కూమొహం తెలియని వాళ్లు పంపిన వింత ఫైలుకైతే ఈ పరిశోధన ఏదీ అక్కర్లేదు, తెరవకుండా డిలీట్ కొట్టెయ్యడమే.