తాత దించే కల్లు

ఎనిమిదో తరగతిలో మద్యపానం మీద పాఠం చెబుతున్నాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు. "సార్, మా తాత రోజూ జీలుగు ఎక్కి కల్లు దించుతాడు. అందరికీ పోస్తాడు. ఆయన తప్పు చేస్తున్నట్టా?" పిల్లలు నవ్వారు. నేనూ నవ్వేసి ఆ పూటకి తప్పించుకున్నాను. కొండరెడ్డి ఇంట్లో పుట్టినవాణ్ణి, తీపికల్లు రుచి నాకు అక్షరాలకన్నా ముందే తెలుసు. అలాంటి నేను నోరు మెదపకపోవడంతో ఆ తాత పదిమందిలో దోషి అయిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జీలుగు సంగతి మైదానం వాళ్ళకి అంతగా తెలియదు. మొక్క ఎదిగి గెల వేయడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. మొదటి గెల మొవ్వు దగ్గర వస్తుంది, తర్వాతివి ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. అడుగు గెల కూడా అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. గెల కొస కోసి కుండ కడతారు, పొద్దున్నా సాయంత్రమూ దించుతారు. దించగానే తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. మనం సైన్సు పాఠంలో చెప్పే ఈస్టు అక్కడ గాలిలోనూ కుండలోనూ ఉంటుంది, ఎవరూ తెచ్చి కలపక్కర్లేదు. మర్నాటికి పుల్లబడి నోట పెట్టలేం. అంటే దాచుకునే వీలు లేదు. దాచుకోలేనిది పంచాల్సిందే. మొదటి చుక్కలు నేలకి, పెద్దలకి. తర్వాత చెట్టు కింద కూర్చున్నవాడికీ, దారినపోయేవాడికీ ఆకుదొన్నెలో పోస్తారు. కొండరెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఎండాకాలంలో గింజలు అడుగంటినప్పుడు మనవాళ్ళు ఈ కల్లు మీదే ఎలా నెట్టుకొచ్చేవారో అందులో ఉంది. సరదాకి తాగింది కొంతే, ఆకలికి తాగింది ఎక్కువ.

ఇలాంటి కల్లుని నేరం చేసింది ఎవరు? మన రంప కొండల్లోనే దానికి జవాబుంది. మన్సబుదారు చెట్ల మీద చిగురుపన్ను వేశాడు. ఆ తర్వాత తెల్లదొరల ఆబ్కారీ చట్టం ఇంటికోసం కల్లు దించుకోకూడదంది. కల్లు ఆదాయాన్ని కౌలుదార్లకి అప్పజెప్పింది. 1879 మార్చిలో రంప తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఇది పెద్దది. ఇక్కడ ఆలోచించండి. అదే చెట్టు, అదే కుండ. తాత దించుకుంటే దొంగతనం, కౌలుదారు అమ్ముకుంటే ఆదాయం. తాగడం తప్పని నమ్మినవాడైతే ఇద్దర్నీ ఆపేవాడు. ఒకణ్ణి ఆపి ఇంకొకడి దగ్గర డబ్బు తీసుకున్నవాడికి నీతి గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

ఇంతవరకూ రాసి ఆపితే మన సభల్లో చప్పట్లు పడతాయి. నేనూ ఒకప్పుడు అలాగే ఆపేవాణ్ణి. మా చిన్నమ్మ ఆపనివ్వలేదు.

మా చిన్నాన్న తాగేది జీలుగు కల్లు కాదు, బెల్లం సారా. బెల్లం అంగడి నుంచి వస్తుంది, నవసారం అంగడి నుంచే వస్తుంది. ఊట వేయడానికి కాలం అక్కర్లేదు, చెట్టు అక్కర్లేదు. డబ్బుంటే ఏడాది పొడుగునా బట్టీ పెట్టొచ్చు. ఒకనాడు ఆయన తాగొచ్చి గంజికుండ తన్నేశాడు. మర్నాడు పెద్దమనుషులు, "మన ఆచారంలో ఉన్నదే కదమ్మా, పండగలకి పోయకపోతే దేవత ఊరుకుంటదా" అన్నారు. చిన్నమ్మ అడిగింది: "మీ పండగ ఏడాదికి ఎన్నిసార్లొస్తది? మా ఇంట్లో రోజూ వస్తంది." ఎవరూ మాట్లాడలేదు.

ఆచారంలో కల్లు ఒక్కటే లేదు. దానికి రుతువుంది, గెలకి ఇంతని లెక్కుంది, పక్కన మనుషులున్నారు. అవన్నీ వదిలేసి తాగుడు ఒక్కటీ పట్టుకుని ఆచారం అనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. అలాగని కల్లు అమాయకమని కూడా అనను. కల్లు తాగి కొట్టినా దెబ్బ దెబ్బే. హద్దు చెట్టులో కొంత ఉంది, మిగతాది మనిషే పెట్టుకోవాలి. చెట్టు పెట్టిన హద్దు దాటడానికి బెల్లం చాలు. మనిషి పెట్టిన హద్దు దాటడానికి అదీ అక్కర్లేదు.

ఆ హద్దు పెట్టే అధికారం చట్టం మన చేతిలోనే పెట్టింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం మత్తుపానీయాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి ఉండాలి. టీచర్లం దీన్ని పిల్లలకి ఎంతమందిమి చెబుతున్నాం? మరో మాట. గ్రామసభలో ఆడవాళ్ళు వెనక కూర్చుంటారు. ఇంటి కల్లు మన హక్కని ముందు వరస అరుస్తుంది. ఆ కల్లు తాగొచ్చినవాడితో రాత్రి గడిపేది వెనక వరస. హక్కు ఎవరిదో తేల్చే ముందు ఎవరు ముందు మాట్లాడాలో తేల్చుకోవాలి. నాకు తెలిసి మా ఊరి సభలో అది ఇంకా జరగలేదు.

వారం తర్వాత ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను: "మీ తాత కల్లు అమ్ముతాడా?"

"లేదు సార్."

"తాగాక ఇంట్లో ఎలా ఉంటాడు?"

కాసేపు ఆలోచించాడు. "పాడతాడు సార్. తర్వాత పడుకుంటాడు."

"మీ అవ్వని కూడా అడిగి చెప్పు" అన్నాను. ఇంకా చెప్పలేదు. ఎదురుచూస్తున్నాను.