పాదరక్షయు, సాధకుని వివేకమును

మానవుడు నిత్యము వాడుకొను వస్తువులలో పాదరక్షవలె చులకనగా చూడబడునది మరియొకటి లేదు. గడపకు వెలుపలనే దానికి చోటు. దేవాలయ ద్వారము దాటి అది లోనికి రాదగదు. ఐనను శ్రీరాముని పాదుకలను భరతుడు సింహాసనమున నిలిపి, వాని పేరనే నందిగ్రామము నుండి పదునాలుగేండ్లు రాజ్యము నడపెను. కావున పాదరక్షను నిమిత్తముగా గొని ఒక ధర్మసూక్ష్మమును విచారించుట అనుచితము కాదు.

కొండదారులలోను, అడవిబాటలలోను పరుగెత్తుట నేడు అనేక దేశములలో వ్యాయామముగా వ్యాపించినది. దీనిని ట్రెయిల్ రన్నింగ్ అందురు. మన దేశమునందును యువకులు పలువురు దీనిని అభ్యసించుచున్నారు. ఇందు చదునైన రోడ్డు ఉండదు. రాళ్లు, చెట్ల వేళ్లు, బురద, ఏటవాలు నేల అడుగడుగున ఎదురగును. ఇందులకై ప్రత్యేకముగా బూట్లు తయారగుచున్నవి. వాని అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుగల రబ్బరు మొనలుండి జారుడు నేలను పట్టుకొనును. కొన్నింటియందు వాడిరాళ్లు గుచ్చుకొనకుండ పలుచని గట్టి పలక లోపల అమర్చబడియుండును.

ఇట్టి బూట్లను తొడిగి చూచుటకును ఒక పద్ధతి కలదు. పగలెల్ల నిలిచి నడచిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక, సాయంకాలమున తొడిగి చూచుట మేలు. రెండు పాదములును సరిగా ఒకే కొలత నుండుట అరుదు. పెద్ద పాదమునకు సరిపోవునదే గ్రహింపవలెను. వ్రేళ్లముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ యుండవలెను. ఏటవాలుగ దిగువకు నడచి చూడవలెను. అపుడు వ్రేళ్లు ముందుకు కొట్టుకొన్నచో, కొండ దిగునప్పటికి గోళ్లు నల్లబడుట నిశ్చయము. ఇంత చూచి కొన్నను పరీక్ష ముగియలేదు. అంగడిలోని నేల కొండదారి కాదు. మొదటి కొలదిదినములు కొద్దిదూరము మాత్రమే పరుగెత్తి చూచినగాని బూటు తన గుణమును బయటపెట్టదు.

ఈ కొలదిదినములలోనే అసలు ప్రశ్న పుట్టును. కొత్త బూటు నొప్పి కలిగించినది. ఇపుడు ఏమి చేయవలెను? విడిచిపెట్టవలెనా, సహింపవలెనా?

అనుభవజ్ఞులు దీనికి ఒకే సమాధానము చెప్పరు. ఏలయన నొప్పి రెండు విధములు. బూటు ఇరుకై వ్రేళ్లను నొక్కినను, మడమను ఒరసి బొబ్బ లేపినను, అది కొలత కుదరని నొప్పి. నాలుగు దినములు ఓర్చుకొన్నచో తగ్గునను ఆశతో పరుగెత్తినకొలది అది పెరుగునేగాని తరుగదు. ఇక రెండవది అలవాటు లేని నొప్పి. ఎత్తైన మడమగల బూట్లకు అలవాటుపడినవాడు మడమ తక్కువగానున్న బూటును తొడిగినచో, పిక్కలమీదను, మడమ వెనుకనున్న స్నాయువుమీదను ఎక్కువ భారము పడి నొప్పి పుట్టును. ఇది బూటు దోషము కాదు. ఇంతకాలము పనిలేక యుండిన కండరములు పని నేర్చుకొనుచున్నవి. దూరమును వారవారమునకు కొద్దికొద్దిగా పెంచుకొనుచు పోయినచో ఈ నొప్పి క్రమముగా తగ్గి, దాని స్థానమున బలము చేరును. మొదటి నొప్పిని సహించుట మూర్ఖత. రెండవ నొప్పికి వెరచి పారిపోవుట పిరికితనము. రెండింటిని వేరుపరచి తెలిసికొనుటయే వివేకము.

సాధకుని జీవితమున ఈ ప్రశ్న ఎంతటి ముఖ్యమైనదో యోచింపుడు. ఒకడు జపమును ఆరంభించును, మనస్సు నిలువదు. ఒకడు మౌనవ్రతమును పూనును. లోపల అలజడి చెలరేగును. ఒకడు సేవాకార్యమున చేరును. అభిమానము అడుగడుగున గాయపడును. బాధ అందరికిని కలదు. ఆ బాధను చూచి కొందరు, “ఈ మార్గము నాకు తగదు” అని మరియొకదానికి, దానినుండి వేరొకదానికి పరుగిడుదురు. ఇట్టివారు పది జతల బూట్లు కొని పది మైళ్లయినను పరుగెత్తనివారివంటివారు. మరికొందరు, తమ స్వభావమునకు ఏమాత్రము సరిపడని కఠోరనియమమును పట్టుకొని, దేహమును చెరపుకొని, మనస్సును ఎండబెట్టుకొని, అదియే తపస్సని భ్రమింతురు. ఈ ఇరువురిలో ఎవరును గమ్యము చేరరు.

మన శాస్త్రములు అధికారిభేదమును అంగీకరించినవి. 1893 సెప్టెంబరు 19న చికాగో సర్వమతసభలో హిందూధర్మమునుగూర్చి తాను చదివిన వ్యాసమున స్వామి వివేకానందులు ఈ విషయమునే ఒక ఉపమానముతో విశదపరచిరి. ఒకే కొలతగల కోటును అందరికిని తొడుగజూచుట, అది పట్టనివాడు కోటు లేకయే యుండవలెననుట, సరికాదని వారి తాత్పర్యము. కోటు కొంత బిగుతైనను మనుజుడు కూర్చుండగలడు. బూటు బిగుతైనచో పది అడుగులు వేయలేడు. మార్గము నడచుటకే గాని కూర్చుండుటకు కాదు గనుక, పాదరక్ష విషయమున ఈ సత్యము మరింత తీవ్రముగా తెలియును.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. “ఇట్లనినచో ప్రతి సోమరియు తనకు కష్టమైన నియమమునెల్ల ‘కొలత కుదరలేదు’ అని త్రోసివేయడా?” అని. ఆక్షేపణ సరియైనదే. కావుననే మూడు గుర్తులను గమనింపవలెను. మొదటిది కాలము: కుదరని నొప్పి దినదినమును పెరుగును, అలవాటు లేని నొప్పి దినదినమును తగ్గును. కావున కొంతకాలము నిలకడగా చూడకుండ తీర్పు చెప్పరాదు. రెండవది స్థానము: ఏది నొచ్చుచున్నదో నిజాయితీతో చూచుకొనవలెను. బొబ్బ లేచినది మన అహంకారముమీదనా, లేక మన సహజమైన సత్త్వముమీదనా? అహంకారము నొచ్చినచో ఆ సాధనము సరిగా పనిచేయుచున్నదనియే అర్థము. మూడవది ఫలము: ఆ బాధ వెంట ఇతరులయెడ మృదుత్వము పెరుగుచున్నదా, కరకుదనము పెరుగుచున్నదా? తాను కష్టపడుచున్నానను కారణమున పరులను చిన్నచూపు చూచువాడు బూటును తిరిగి పరీక్షించుకొనవలెను.

ఇక కోరి స్వీకరించిన కష్టము వేరు. అలిపిరి నుండి మెట్లెక్కి తిరుమలకు పోవు భక్తులనేకులు చెప్పులు విడిచియే ఎక్కుదురు. ఆ రాతిమెట్ల కాక వారికి తెలియక కాదు. ఆ కష్టమును వారు దేవునికి అర్పించుచున్నారు. అర్పణ చేయబడిన కష్టమును, అజాగ్రత్తవలన కలిగిన కష్టమును ఒకటిగా భావింపరాదు.

ఈ వివేకమునకు క్రీడారంగమునుండి ఒక చక్కని నిదర్శనము చూపవచ్చును. ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగునకు వెళ్లెను. అచట దొరకిన కొత్త బూట్లు అతని పాదములకు కుదరలేదు. పాదరక్షలు లేకయే పరుగెత్తు అలవాటు అతనికి కలదు గనుక, అట్లే పరుగెత్తి, 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో గెలిచెను. లోకమంతయు అతనిని “చెప్పులు లేని వీరుడు” అని కొనియాడినది. కాని 1964లో టోక్యో నగరమున అతడు బూట్లు తొడిగికొనియే పరుగెత్తెను. అంతకు కొన్ని వారములకు ముందే ఉండుకము తొలగించు శస్త్రచికిత్స జరిగియుండినను, 2 గంటల 12 నిమిషముల 11 సెకనులలో మరల గెలిచెను. వట్టి కాళ్లతో వచ్చిన కీర్తికి అతడు బందీ కాలేదు. బూటు కుదరనపుడు విడిచెను, కుదిరినపుడు తొడిగెను. అతని దృష్టి పరుగుమీదనేగాని పాదరక్షమీద లేదు.

కొండదారుల పరుగునందును ఇట్టి దృష్టాంతము కలదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, పదివేల అడుగులకు మించిన ఎత్తుననున్న లెడ్‌విల్ పట్టణమున నూరు మైళ్ల పందెము జరుగును. 1993లో ఆ పందెమును గెలిచినవాడు మెక్సికో కొండలలో నివసించు రరామురి జాతికి చెందిన విక్టోరియానో చురో. వయస్సు యాభై దాటినది. ఆ జాతివారు తొడుగునవి పాత టైర్ల రబ్బరును కోసి తోలుపట్టెలతో కట్టుకొను చెప్పులు. ఇందువలన ఖరీదైన బూట్లు నిరర్థకములని చెప్పరాదు. అట్టి చెప్పులతో మనము పరుగెత్తినచో ఒక దినములోనే కుంటుదుము. తరతరముల అభ్యాసము వారి పాదములలో నున్నది. పరికరమును అనుకరించి అభ్యాసమును విడిచినవానికి ఫలము లేదు.

మరియొక సూక్ష్మము కలదు. భూమినంతను తోలుతో కప్పుట అసాధ్యము, తన పాదమును కప్పుకొనుట సాధ్యము అను ఉపమానమును ఎనిమిదవ శతాబ్దపు బౌద్ధాచార్యుడు శాంతిదేవుడు మనోనిగ్రహమునకు వాడెను. భాగవతము సప్తమస్కంధమున సంతుష్టి పాదరక్షతో పోల్చబడినది. ఈ ఉపమానము నెరిగిన కొండదారి పరుగరి ఇంకొక మాట చేర్చును: బూటు అడుగు మిక్కిలి మందమైనచో పాదమునకు నేల తెలియదు. నేల తెలియని పాదము రాతిపై ఒరిగి చీలమండ బెణుకును. రక్షణ కావలెను, మొద్దుదనము కారాదు. తన మనస్సునకు ముల్లు గుచ్చుకొనకుండ కాపాడుకొనుట మంచిదే. కాని ఆ రక్షణవలన పొరుగువాని కంటిలోని నీరు సైతము మనకు తెలియకపోయినచో, అది సంతుష్టి కాదు, జడత్వము. ముల్లును ఆపవలెను, నేలను మరువరాదు.

కావున సాధకుడు తన మార్గమును శ్రద్ధతో ఎన్నుకొనవలెను. గురువును, అనుభవజ్ఞులను అడుగవలెను. కొద్దికొద్దిగా ఆచరించి చూడవలెను. బాధ కలిగినపుడు తొందరపడక దాని జాతిని తెలిసికొనవలెను. కుదిరినదని తెలిసినపిదప ఇక అంగడివైపు చూడక దారి పట్టవలెను. గుడివాకిట ఎట్లును పాదరక్షను విడువవలసినదే. సాధనములకును అట్టి దినమొకటి వచ్చును. అంతవరకు దానిని శుభ్రముగా ఉంచుకొని, దారిలోని దుమ్మును దానికి అంటనిచ్చుచు, నడచుచుండుటయే మన పని.